గంజి పెట్టిన గాలిసంచి

నిన్న పొద్దున పది దాటాక కరీంనగర్ తారాఫీసు కిటికీ ముందు ఎప్పటిలాగే వరుస ఉంది. ముందు ఇద్దరు వడ్ల వ్యాపారులు. వాళ్లకు ఏడాది పొడుగునా తొందరే. వాళ్ల వెనక ఒక మనిషి భుజాన తువ్వాల వేసుకుని, తారు ఫారాన్ని, అదే టెలిగ్రాం కాగితాన్ని, చెమటకు తడిసేలా చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. వ్యాపారులు లోపలికి వంగి ధరలు చెబుతుంటే, వాళ్ల భుజాల మీదుగానే ఫారం నా ముందుకు చాపాడు.

"సారూ, ఇంగిలీషుల రాసియ్యుండ్రి. జర జల్ది పోవాలె."

"ఎవలికి?"

"కప్తాన్ సాబుకు. బొంబాయిల ఉంటడు, చిరునామ గీ చీటీల ఉన్నది. మా మామ పోయిండని రాయుండ్రి. గాలిసంచి ఆయన పోయిండంటె కప్తాన్ సాబుకు ఎరుకైతదట. మామనే చెప్పిండు పోయేముందట."

నా చేతిలో కలం ఆగింది. అతడి భుజం మీది తువ్వాల వంక చూశాను. మెత్తగా, సోలిపోయినట్టు వేలాడుతోంది. బజారులో దొరికే తువ్వాల అలా ఉండదు, ఫెళఫెళలాడుతూ ఉంటుంది. ఇది గంజి పెట్టని గుడ్డ. ఇక అడగవలసింది ఏమీ లేకపోయింది. తరువాతి రెండు నిమిషాల్లో నేను చేసిన పని చివర చెబుతాను. ఆ రెండు నిమిషాల్లో నా తలలో తిరిగింది రాయడానికి మాత్రం ఇవాళ సెలవు పెట్టాల్సి వచ్చింది. కుర్చీలో కుదురుగా కూర్చోలేక నాలుగు వాక్యాలకోసారి లేచి వాకిట్లోకి పోయి వస్తున్నాను.

పోలీసు చర్య అయి రెండు మూడేళ్లు దాటిన రోజులు. నాకు ఆదిలాబాద్ తారాఫీసుకు బదిలీ అయింది. మాది పెద్దపల్లి పక్క పల్లె. ఇరవై నాలుగేళ్ల వయసు, నోటికి అడ్డూ అదుపూ లేదు. చేరిన రెండో రోజు పొద్దున్నే ఒక మనిషి వచ్చాడు. ధోతీ మీద ఖాకీ కోటు, కాళ్లకు చెప్పులు లేవు, పాదాల నిండా మంచుకు తడిసిన మట్టి. కుడి చెవిలో దూది పెట్టుకున్నాడు. మా వైపు అత్తరు పూసుకునే షోకిలాలు అలా పెట్టుకుంటారు.

"ఏం మామా, పొద్దుగాల్నే అత్తరా? యాడికి సవారి?" అన్నాను.

అతడు నవ్వలేదు. చెవిలోంచి దూది తీసి, గోటితో చిన్న పోగు లాగి, వరండా చివరికి పోయి వదిలాడు. అది కాసేపు గాలిలో తచ్చాడి, జిన్నింగు మిల్లు గోడ వైపు సాగిపోయింది. అతడు దాని వెంట నాలుగడుగులు నడిచి, తిరిగి వచ్చి, మిగిలిన దూది మళ్లీ చెవిలో పెట్టుకున్నాడు.

"పడమటి గాలి. సన్నగున్నది. గుట్ట సాఫుగ కనవడుతుంది. మడిమె దిగుతలేదు. రాసుకోండ్రి సారూ."

ఏమిటో అర్థం కాక నేను నోరు తెరిచి చూస్తే, మా పాత గుమాస్తా నవ్వి చెప్పాడు. ఊరి బయట నిజాం కాలంలో చదును చేసిన మైదానం ఒకటి ఉంది. హైదరాబాదు కంపెనీ ఒకటి నాగపూరు పోయే తన విమానాన్ని పత్తి రోజుల్లో వారానికి రెండుసార్లు అక్కడ దింపుతోంది. జనం దాన్ని గాలిమోటరు మైదానం అంటారు. ఈ మనిషి ఆ మైదానం కాపలాదారు. విమానం వచ్చే రోజు పొద్దున గాలి ఎటుందో, మబ్బు ఎంత ఎత్తుందో, నేల గట్టిగా ఉందో మెత్తగా ఉందో హైదరాబాదుకు తారు ఇవ్వాలి. గుట్ట కనపడటమంటే మబ్బు ఎత్తుగా ఉందని. ఇక మడిమె సంగతి: తెల్లవారగానే అతడు మైదానం ఈ కొస నుంచి ఆ కొస దాకా వట్టి కాళ్లతో నడిచేవాడు. మడమ దిగితే నేల మెత్తగా ఉన్నట్టు. ఇవన్నీ నేను ఇంగ్లీషులోకి మార్చి పంపాలి.

పుట్టుకకు నేతపని వాడు, సిరిసిల్ల వైపు మనిషి. మగ్గం మీద కడుపు నిండక జిన్నింగు మిల్లుకు వచ్చి, అక్కడి నుంచి ఈ ఖాకీ కోటులోకి దూరాడు. ఊరంతా గాలిసంచాయన అనేవారు. నేను మామా అనేవాణ్ణి. కిటికీ ముందు నన్ను సారూ అని, బయట కనపడితే బిడ్డా అని పిలిచేవాడు.

అతడితో మాట్లాడటం ఒక తంటా. మన ఎదురుగా నిలబడడు. గాలి తిరిగిన కొద్దీ తనూ తిరుగుతుంటాడు, మనం అతడి చుట్టూ తిరుగుతూ మాట్లాడాలి. హోటల్లో చాయ్ ముందు పెడితే తాగడు, ఆవిరి ఎటు పోతోందో చూస్తాడు. పెళ్లిలో భోజనాల బంతి మధ్యలో లేచి ఇవతలి వరుసకు వచ్చి కూర్చున్నాడని ఒకసారి పెద్ద గొడవ అయింది. పెళ్లివారికి అవమానమనిపించింది. ఇతడికేమో వీపుకు గాలి తగిలితే ముద్ద దిగదు.

"అన్నం వెడితె పొగ యాడికి వోతుందో సూస్తడు. గాయన సూసేసరికి అన్నం సల్లారిపోతది" అని అతడి భార్య నాతో మొర పెట్టుకునేది.

"మామా, నీకు జర నిలకడ లేదే" అంటే, "గాలికి నిలకడుంటె నాకు గీ నౌకరి ఎందుకిస్తరు బిడ్డా" అనేవాడు.

విమానం దిగే పొద్దు అతడిని చూడాలి. మైదానం మీద మేసే బర్రెలను తరమాలి. అంగడికి వచ్చే జైనూర్ వైపు బండ్లు దగ్గర దారి అని మైదానానికి అడ్డంగా తోలుకొస్తే వాళ్లతో తగువు పడాలి. ఒక మూల పచ్చిగడ్డి మంట వేసి పొగ లేపాలి. పైనున్న వాళ్లకు గాలి తీరు ఆ పొగ చెబుతుంది. ఇవన్నీ అయ్యాక ఎర్రంచు తువ్వాల తల మీద గిరగిరా తిప్పి కప్తాన్ సాబుకు స్వాగతం చెప్పేవాడు. ఆ తిప్పడం కంపెనీ చెప్పిన పని కాదు. విమానం నడిపే ఆ కప్తాన్ సాబు హైదరాబాదీ, పెద్ద మీసాల మనిషి. దిగగానే "క్యా బడే మియా, హవా కైసీ హై?" అని గాలి సంగతి అడిగి, జేబులోంచి నాగపూరు సంత్రా పండు ఒకటి తీసి విసిరేవాడు. ఇతడు దాన్ని రెండు చేతులతో పట్టి కళ్లకద్దుకునేవాడు. విమానం మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. ఎక్కమని కప్తాన్ పిలిస్తే, "నేను ఎక్కితె కింద గాలిని ఎవలు సూస్తరు" అన్నాడట.

కంపెనీ సంగతి అంతంతమాత్రం. పత్తి అమ్మకాలు జోరుగా ఉన్నన్నాళ్లు సేఠ్లు ఎక్కేవాళ్లు. ఆ తరువాత సీట్లలో టపా సంచులూ పత్తి నమూనాల మూటలూ కూర్చునేవి. పెద్ద ఊళ్ల మధ్య తిరిగే కంపెనీలు ఎక్కువైపోయి, ఇలాంటి చిన్న ఊళ్లలో దిగి నాలుగు టికెట్లు రాబట్టుకోవాలని వీళ్ల ఆరాటం. టికెట్లు అమ్మేది ఊళ్లోని ఒక పత్తి దళారి. కంపెనీకి ఇక్కడ ఏజెంటు అతడే. ఇంజన్లకు లోటు చేయలేదు గానీ, మైదానానికి ఏం కావాలన్నా వచ్చే వారం అనేవాళ్లు.

గాలిసంచి చిరిగిపోవడం అప్పుడే జరిగింది. గాలిసంచి అంటే రెండు మూతులూ తెరిచి ఉన్న గుడ్డ గొట్టం, పొడుగైన చొక్కా చెయ్యి లాంటిది. పెద్ద మూతికి ఇనుప కడియం ఉంటుంది. ఆ కడియం ఎత్తయిన కర్ర కొసన తిరుగుతుంది. గాలి ఎటు పోతే గుడ్డ అటు సాగుతుంది. పైలటు దాన్ని చూసుకుని గాలికి ఎదురుగా దిగుతాడు. ఎదురుగాలి విమానాన్ని పట్టి ఆపుతుంది. వెనకగాలి అయితే ఇంకా ముందుకు తోస్తుంది, చిన్న మైదానంలో ఇక ఆగదు. ఇదంతా నాకు మామ చెప్పిందే.

కొత్త సంచి పంపమని నా చేతనే మూడు తార్లు ఇప్పించాడు. వచ్చే విమానంలో అని మూడుసార్లూ జవాబు. విమానం వచ్చేది, సంచి వచ్చేది కాదు. అతడికి తిండి సహించేది కాదు. వట్టి కర్ర వంక చూస్తూ మైదానంలో కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. చివరికి ఒక రోజు, "నేను నేతోన్ని గాదా? గుడ్డకు వాళ్లను బతిలాడుడేంది" అని ఇంటి వసారాలో మగ్గం గుంట తవ్వాడు.

పదిహేను రోజులు నేశాడు. అంత ముతక గుడ్డ, అంత ఒత్తు నేత నేను చూడలేదు. రెండు ఎర్ర పట్టీలు వేశాడు. కుట్టాక జొన్నగంజి కాచి, ఒకటికి మూడుసార్లు పట్టించి ఎండబెట్టాడు.

"గంజి ఎందుకు మామా?"

"గంజి లేని గుడ్డ దువ్వని తల తీరుగుంటది సారూ. కప్తాన్ సాబు పైనుంచి సూస్తడాయె. గట్ల ఉత్తగనే పెడుతమా?"

కర్రకు ఎక్కించిన రోజు జిన్నింగు మిల్లు వాళ్లు కూడా వచ్చి చూశారు. తెల్లగా, నిగనిగలాడుతూ, ముడత లేకుండా నిలబడింది. నేను సైకిలు దిగకుండానే, "మామా, గిది గాలి లేకున్న నిలవడేటట్టున్నది గదనే" అన్నాను. అందరూ నవ్వారు. అతడు ఇంకా ఎక్కువ మురిసిపోయాడు. తప్పు నా కళ్ల ముందే వేలాడుతోంది, నేను దాన్ని చూశాను కూడా. చూసి వేళాకోళం చేశాను.

ఇక నా సంగతి. పొద్దున్నే తారాఫీసు ముందు సేఠ్ల మనుషులు మూగేవారు. బొంబాయిలో పత్తి ధర కదిలిన కొద్దీ వాళ్ల ప్రాణం కదిలేది. కిటికీలోకి తలలు దూర్చి తొందరపెట్టేవారు, చాయ్ తెప్పించేవారు, దీపావళికి మిఠాయి పంపేవారు. గాలి తారుకు అలా అడిగేవాళ్లు లేరు. అతడు ఇచ్చి, మైదానానికి ఉరికేవాడు. నిలబడి అడిగిన వాళ్లవే నేను ముందు పంపేవాణ్ణి. గాలి తారు రాయి కింద పెట్టి, తీరిక దొరికాక కొట్టేవాణ్ణి. ఇచ్చిన వేళ, పంపిన వేళ రెండూ ఫారం మీద రాయాలని నియమం. నేను రెండూ పంపేటప్పుడే, ఒకే వేళగా రాసేవాణ్ణి. రిజిస్టరు చూసినవాళ్లకు నా అంత చురుకైన గుమాస్తా లేడనిపించేది.

ఒకసారి అడిగాడు. "సారూ, నాది ముందుగాల పోతుంది గద?"

"పోతది పో మామా. గాలి యాడికి పోతది?"

అతడు వెళ్లబోతూ ఆగి, నన్ను వింతగా చూశాడు. "గాలి పోకుంట ఉంటదా సారూ?"

మాఘమాసం. వాన పడే కాలం కాదు. అయినా ఒక రాత్రి జల్లు పడింది. మరునాడు విమానం వచ్చే రోజు. ఆరున్నరకు మామ వచ్చాడు, మోకాళ్ల దాకా బురద.

"గాలి తిరిగింది సారూ. నిన్న తూరుపు గాలి, ఇయ్యాల పడమటిది. జోరుగున్నది. మడిమె జర దిగుతుంది. జల్ది పంపుండ్రి, పరేషాన్‌గున్నది నాకు."

"ఇప్పుడే" అన్నాను. ఆ పొద్దు బొంబాయి ధర అటూ ఇటూ ఊగుతోంది, కిటికీ ముందు సేఠ్ల మనుషులు ఒకళ్ల మీద ఒకళ్లు పడుతున్నారు. గాలి తారు రాయి కిందికి పోయింది. దాన్ని నేను పంపేసరికి ఎనిమిదింబావు. హైదరాబాదులో విమానం ఎనిమిదికే లేచింది.

తొమ్మిది దాటాక మోత వినపడింది. రోజూ వినే మోత కాదు. ఇంజన్లు అరిచి, ఒక్కసారిగా ఆగిపోయాయి. నేను సైకిలెక్కి మైదానానికి పోయేసరికి, విమానం మైదానం తూర్పు కొస దాటి, కందకంలో ముందు చక్రం ఇరుక్కుని, పత్తి చేలో ముక్కు గుచ్చుకుని ఉంది. పంకాల రేకులు వంగిపోయాయి. దేవుడి దయ, ప్రాణాలు దక్కాయి. ఒక సేఠుకు చెయ్యి విరిగింది. కప్తాన్ సాబు నుదురు చీరుకుపోయి రక్తం కారుతోంది. జనమంతా అక్కడే ఉన్నారు. మామ మాత్రం లేడు.

మైదానం మధ్యలో కర్ర కింద నిలబడి ఉన్నాడు. తల పైకెత్తి, తాడు పట్టి గుంజుతున్నాడు. నన్ను చూసి తాడు వదిలేశాడు. చెవిలోంచి దూది తీసి మొత్తం గాలిలోకి వదిలాడు. అది తూర్పుకు కొట్టుకుపోయింది. పైన గాలిసంచి పడమరకు చాచుకుని, కదలకుండా ఉంది.

"సూడు బిడ్డా. గాలి యాడ, సంచి యాడ."

రాత్రి జల్లుకు గంజి కరిగి కడియంలోకీ కర్ర మీదకీ జారింది. తెల్లవారుజామున గాలి తిరిగేలోపే ఆరి మళ్లీ గట్టిపడి, కడియాన్ని కర్రకు అతికించేసింది. గుడ్డ నిన్నటి గాలికి ఎటు ఉందో అటే బిగుసుకుపోయింది. మామ నా దగ్గరి నుంచి తిరిగి వచ్చేసరికి మైదానంలో అంగడి బండ్లు బురదలో దిగబడి ఉన్నాయి. వాటిని తోసి బయటపడేసే పనిలో అతడు పైకి చూడలేదు. తడిగడ్డి అంటుకోలేదు, పొగ లేవలేదు. విమానం తల మీదకి వచ్చాక సంచిని చూసి, వద్దు వద్దని తువ్వాల తిప్పుతూ ఎదురు ఉరికాడు. రోజూ తిప్పే తువ్వాలే కదా అనుకుని కప్తాన్ సాబు దిగేశాడు.

నాలుగు రోజులకు విచారణ అన్నారు. పెద్ద అధికారి ఒకాయన వస్తున్నాడు. గాలిసంచి చూసే దిగానని కప్తాన్ చెప్పాడు. ఏజెంటు మాత్రం సంచి బాగానే తిరుగుతోందనీ, కప్తానే తొందరపడ్డాడనీ ఊరంతా చెప్పి పెట్టాడు. కంపెనీ సంచి పంపలేదన్న మాట బయటికి రాకుండా ఉండాలంటే అదొక్కటే దారి. అదే నిలబడితే కప్తాన్ లైసెన్సు పోతుంది, మళ్లీ జన్మలో విమానం నడపలేడు.

విచారణకు ముందురోజు మధ్యాహ్నం మామ తారాఫీసు వెనక వైపుకు వచ్చాడు. చంకలో సంచి చుట్టి పెట్టుకున్నాడు. కూర్చోలేదు. వేపచెట్టు కింద అటూ ఇటూ తిరుగుతూనే చెప్పాడు.

"ఏజెంటు సేఠు గీ సంచిని కాలవెట్టుమన్నడు. కంపెనీ సంచే ఉండె, మంచిగ తిరిగిందని చెప్పుమన్నడు. గట్ల చెప్తె బేగంపేటల పక్కా నౌకరి ఇప్పిస్తడట. చెప్పకుంటె గీ కోటు ఇడువుమన్నడు. ఏం జేద్దు బిడ్డా?"

"కాలవెట్టు మామా" అన్నాను. గబుక్కున అన్నాను. "నీకెందుకు గీ పంచాది? కప్తాన్ సాబు పెద్దింటోడు. విమానం లేకున్న ఆయనకేం తక్కువైతది?"

ఎందుకలా అన్నానో రాస్తున్నాను. సంచి కాలిపోతే కథ కప్తాన్ దగ్గరే ఆగిపోతుంది. గాలి తారు ఎప్పుడు అందింది, ఎప్పుడు పోయింది అని అడిగేవాడుండడు. నాకు కొత్తగా పెళ్లయింది, నౌకరి ఇంకా పక్కా కాలేదు. మూడు రోజులుగా నాకు నిద్ర లేదు.

అతడు తిరగడం ఆపాడు. గాలి ఎటుందో కూడా చూసుకోకుండా నాకెదురుగా నిలబడ్డాడు. అలా నిలబడటం అదే మొదలు.

"గాయన పని పైన ఉన్నది బిడ్డా. నేల మీద గాయనకేం పని?" అని, సంచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

విచారణ ముసాఫిర్ బంగ్లాలో జరిగింది. రిజిస్టరు పట్టుకుని నన్నూ రమ్మన్నారు. ఏజెంటు గట్టిగా చెప్పాడు. కప్తాన్ నుదుటి కట్టుతో తలదించుకుని కూర్చున్నాడు. మామ వంతు వచ్చింది. ఇస్త్రీ చేసిన ఖాకీ కోటు వేసుకొచ్చాడు. సంచి విప్పి బల్ల మీద పరిచాడు.

"గిది నేను నేసిన సంచి సారూ. కంపెనీది గాదు. గంజి వెట్టింది నేనే. ఒక చెంబు నీళ్లు తెప్పియ్యుండ్రి."

నీళ్లు వచ్చాయి. సంచి మూతిని తడిపి, ఎండపడే కిటికీ ఇనుపచువ్వకు చుట్టి పట్టుకున్నాడు. అధికారి కుర్చీలో ముందుకు జరిగాడు. గంట దాకా అతడు అలాగే నిలబడ్డాడు, పట్టు వదల్లేదు. ఆరాక చేతులు తీశాడు. గుడ్డ చువ్వకు అంటుకుని అలాగే నిలిచింది. అధికారి లేచి వేలితో తోశాడు. కదల్లేదు. గట్టిగా గుంజితే పెళ్లున ఊడింది. కప్తాన్ సాబు ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. పెద్ద మీసాల మనిషి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

అప్పుడు ఏజెంటు లేచాడు. "గాలి తిరిగిన సంగతి ఈయన తారు ఎందుకు ఇయ్యలె? తారు అందితె విమానం ఇటు రాకనే పోతుండె గద!"

అధికారి నా రిజిస్టరు తీసుకున్నాడు. ఎనిమిదింబావుకు ఇచ్చినట్టు, ఎనిమిదింబావుకే పంపినట్టు నా చేతిరాత. మామ వైపు తిరిగి, ఇంత ఆలస్యంగా ఎందుకు ఇచ్చావని అడిగించాడు.

మామ నా వంక చూశాడు. రెప్పపాటు. ఆరున్నర అన్న ఒక్క మాట చాలు.

"బండ్లు దిగవడినయి సారూ. తోసుకుంట తోసుకుంట ఆల్శమైంది. నాదే తప్పు" అన్నాడు.

రిజిస్టరు మూసేశారు. నేను దాన్ని చంకలో పెట్టుకుని బయటికి నడిచాను.

కప్తాన్ సాబు మళ్లీ విమానం ఎక్కాడు. సంచి పంపనందుకు కంపెనీకి చీవాట్లు వచ్చాయి. ఆ తరువాత వాళ్లు ఆదిలాబాదులో దిగడమే మానేశారు. మరి కొన్నాళ్లకు విమాన కంపెనీలన్నింటినీ సర్కారు తీసుకుంది. మామ కోటు మాత్రం ఆ వారమే పోయింది. ఊరు విడిచే రోజు కిటికీ దగ్గరికి వచ్చాడు. అలవాటు కొద్దీ చెవిలోంచి దూది తీసి, వదిలి, చూశాడు.

"ఉత్తరం గాలి సారూ. రాసేదేం లేదు. పోయొస్త."



పదేళ్ల తరువాత కరీంనగర్ బదిలీ మీద వచ్చి, కొండగట్టు మొక్కు తీర్చుకుని, తిన్నగా ఇంటికి పోలేక సిరిసిల్ల బస్సెక్కాను. ఇల్లు వెతకాల్సిన పని లేకపోయింది. కప్పు మీద కర్రకు గుడ్డపేలిక కట్టి ఉంది. అతడు మగ్గం మీద తువ్వాలలు నేస్తున్నాడు. గంజి లేదు, మెత్తగా సోలిపోయి ఉన్నాయి. "ఎవలు గొంటరు గీటిని? ఎంత చెప్పిన గంజి ముట్టడాయె" అని భార్య విసుక్కుంది. బజారులో గుడ్డ నిలబడితేనే బేరం. అతడు మాత్రం ఆ రోజు నుంచి గంజి కుండ పొయ్యెక్కనీయలేదు.

కప్తాన్ సాబు ఏటా సంత్రాల బుట్ట పంపుతాడట. నాకొకటి ఒలిచి పెట్టాడు. నేను తినలేకపోయాను. పదేళ్లుగా గొంతులో ఉన్నది కక్కేశాను.

"మామా, తారు మాట ఎందుకు చెప్పలే? ఎందుకు నన్ను కాపాడినవ్?"

"నేను నిన్నేం కాపాడలే బిడ్డా. తారు మాట ఎత్తితె గాళ్లంత నీ మీద వడుతుండిరి. సంచి ముచ్చట పక్కకు వోతుండె. కప్తాన్ సాబుకు గావాల్సింది సంచి."

"మరి నా తప్పు?"

పేక పోగు తెగింది. వంగి, ముడి వేసి, వేళ్లతో సరిచేసి, అప్పుడు నా వంక చూశాడు. కోపం లేదు, దయ కూడా లేదు. గాలిని చూసినట్టు చూశాడు.

"అది నీ తాన్నే ఉన్నది గద. నువ్వే సూస్కో."

ఇప్పటి దాకా చూసుకోలేదు. ఆ మాటకు భయపడి మళ్లీ సిరిసిల్ల వైపు పోలేదు.

నిన్న ఆ ఫారం ముందు పెట్టుకుని ఇంగ్లీషులో రాశాను. గాలిసంచి ఆయన పోయాడు, మీకు చెప్పమన్నాడు. అక్కడ ఆగిపోయి ఉంటే సరిపోయేది. చెయ్యి ఆగలేదు. దాని కిందే ఇంకో మాట రాశాను. ఆ రోజు గాలి తారు ఆయన ఆరున్నరకే ఇచ్చాడు, ఆలస్యం చేసింది నేను. కింద నా పేరు పెట్టాను. కప్తాన్ సాబు ఎవరికి చెప్పుకున్నా చెప్పుకోనీ. నా నౌకరి ఏమవుతుందో ఇవాళ్టికీ తెలియదు.

ఆ అల్లుడికి ఇంగ్లీషు రాదు గానీ కళ్లు బాగానే ఉన్నాయి. "సారూ, నేను చెప్పింది గంతేనాయె. కింద గదేంది, మస్తు రాసిండ్రు?"

"అది మీది గాదు. నాది" అన్నాను.

ముందున్న వ్యాపారి కిటికీలోకి వంగాడు. "సార్, మాది ముందుగాల వచ్చింది గద. ధర పోతుంది."

"పోనీయ్" అన్నాను. యంత్రం ముందు కూర్చున్న కుర్రగుమాస్తాను లేపి, నేనే కూర్చుని కొట్టాను. తరువాత గోడ గడియారం చూసి ఫారం నింపాను. ఇచ్చిన వేళ, పదీ ఇరవై. పంపిన వేళ, పదీ ఇరవై రెండు.